అనుపమ్ మిశ్ర రాసిన నీళ్లను వెతుక్కుంటూ జైసల్మేర్‌కి

మా అనంతపురంలో బడికెళ్లిన ఎవరినడిగినా ఒక మాట ఠక్కున చెబుతారు: దేశంలో వాన తక్కువ పడే జిల్లాల్లో జైసల్మేర్ తర్వాత మనదే. రాజస్థాన్‌లోనే మనకంటే తక్కువ వాన పడే జిల్లాలు ఇంకా ఉన్నా, సోషల్ మాష్టార్లు అది చెప్పీ చెప్పీ మాకు కంఠతా వచ్చేసింది. మనకంటే తక్కువ వాన పడే జైసల్మేర్లో జనం నీళ్లకి ఏం చేస్తారన్నది మాత్రం ఏ మాష్టారూ చెప్పలేదు. నాకది చెప్పింది అనుపమ్ మిశ్ర. హిందీలో ఆయన 1993లో చెరువుల మీద రాసిన ‘ఆజ్ భీ ఖరే హై తాలాబ్’, 1995లో రాజస్థాన్ నీళ్ల మీద రాసిన ‘రాజస్థాన్ కీ రజత్ బూందే’ చదివాక ఆ చెరువులు, బావులు ఇప్పటికీ ఉన్నాయా, ఉంటే ఎవరు చూసుకుంటున్నారు అన్నది కళ్లారా చూడాలనిపించింది. తిరిగొచ్చి ఇంకా వారం కాలేదు. బూట్లలో ఇసుక అలాగే ఉంది. మరిచిపోకముందే రాసేస్తున్నాను.

ఫిబ్రవరి 3, ఢిల్లీ

ఐటీవో దగ్గర దీన్‌దయాళ్ ఉపాధ్యాయ మార్గ్‌లో గాంధీ శాంతి ప్రతిష్ఠాన్ ఉంది. మిశ్రగారు ఉద్యోగ జీవితమంతా ఇక్కడే గడిపారు, ‘గాంధీ మార్గ్’ హిందీ పత్రికకి సంపాదకత్వం చేశారు, 2016 డిసెంబర్ 19న కేన్సర్‌తో పోయేదాకా ఇక్కడివారిగానే ఉన్నారు. ఆయన తండ్రి భవానీ ప్రసాద్ మిశ్ర హిందీలో పేరున్న కవి. కొడుకు కవిత్వం జోలికి పోలేదు గానీ, ఆ ఇంటి భాష మాత్రం ఆయన వాక్యాల్లో కనిపిస్తుంది. హిందీ అంతంత మాత్రం వచ్చిన నాకు కూడా నిఘంటువు అవసరం పడలేదు.

బయటినుంచి చూస్తే మామూలు పాత భవనం. లోపల వరండాలో చెట్ల నీడ. పుస్తకాల గదిలో ఒక పెద్దాయన కూర్చోబెట్టి టీ ఇప్పించారు. అనంతపురం నుంచి వచ్చానని చెబితే, “అక్కడా నీళ్లకి కష్టమే కదా” అన్నారు వెంటనే. ఢిల్లీలో మా జిల్లా పేరు చెప్పగానే అర్థం చేసుకున్న మనిషి దొరకడం నాకు కొత్త.

చెరువుల పుస్తకం మీద మిశ్రగారు ఏ హక్కులూ ఉంచుకోలేదు. ఎవరైనా అచ్చేసుకోవచ్చు, ఏ భాషలోకైనా మార్చుకోవచ్చు. అందుకే అది లక్ష ప్రతులు దాటి, ఎన్నో భాషల్లోకీ బ్రెయిలీలోకీ వెళ్లింది. రాజస్థాన్ పుస్తకం ఫ్రెంచిలోకి కూడా వెళ్లింది. ఒకవైపు వాడేసిన కాగితాల వెనక రాసుకునే మనిషి, సెల్‌ఫోన్ లేకుండానే జీవితం గడిపేసిన మనిషి. ప్రభుత్వం 1996లో ఇందిరా గాంధీ పర్యావరణ పురస్కారం ఇచ్చింది, 2011లో జమ్నాలాల్ బజాజ్ అవార్డు వచ్చింది. అవార్డుల కంటే నాకు పెద్దదిగా అనిపించేది, ఆయన తన పేరుకు బదులు చెరువులు తవ్వినవాళ్ల పేర్లు, కులాలు, పనిముట్లు వెతికి వెతికి రాయడం. చెరువుల పుస్తకం మొదట్లోనే అంటారు: వందల వేల చెరువులు శూన్యంలోంచి ఊడిపడలేదు, తవ్వించినవాళ్లు ఒక్కరైతే తవ్వినవాళ్లు పదిమంది, ఆ ఒకటీ పదీ కలిసే వందలూ వేలూ అయ్యాయని.

ఫిబ్రవరి 5, జైసల్మేర్, గడీసర్

కోట కింద సందులో గది తీసుకున్నాను. రోజుకి 900. పొద్దున ఆరున్నరకి చలి వణికిస్తోంది. టీ కొట్టు దగ్గర శాలువా కప్పుకున్న ముసలాయన ఒకరు బెంచీ మీద జరిగి చోటిచ్చి “ఖమ్మా ఘణీ” అన్నారు. పక్కనున్న కుర్రాడు జవాబు నేర్పాడు: “ఘణీ ఖమ్మా, హుకుమ్.” ఇక్కడ చిన్నా పెద్దా తేడా లేకుండా హుకుమ్ అనే పిలుస్తారు. ఆటో డ్రైవర్ కూడా “హుకుమ్, ఎనభై ఇవ్వండి” అంటే బేరమాడబుద్ధి కాలేదు.

గడీసర్ చెరువు ఊరికి ఆనుకునే ఉంది. మిశ్రగారి పుస్తకం ప్రకారం మహారావల్ ఘడ్సీ దీన్ని 1335లో తవ్వించాడు. పని జరుగుతుండగానే గట్టు మీదే రాజుని చంపేశారు. రాణి విమల సతికి ఒప్పుకోకుండా, భర్త మొదలుపెట్టిన చెరువు పూర్తి చేయించింది. అది చదివినప్పుడే మా బుక్కరాయసముద్రం చెరువు గుర్తొచ్చింది. అక్కడ గండి పూడాలని ముసలమ్మ నీళ్లలోకి నడిచి వెళ్లిపోయిన కథ మా ఇళ్లలో పిల్లలందరికీ తెలుసు. రెండుచోట్లా చెరువు పేరు చెప్పగానే ఒక ఆడమనిషి గుర్తొస్తుంది. నాకు విమల కథే ఎక్కువ నచ్చింది. ఆమె బతికి పని ముగించింది.

చెరువులోకి వాన నీరు జారే నేల 120 చదరపు మైళ్లని మిశ్రగారు లెక్క చెబుతారు. ఇక్కడివాళ్లు దాన్ని ఆగోర్ అంటారు. గడీసర్ నిండితే అలుగు మీంచి నీళ్లు పక్క చెరువులోకి, అది నిండితే ఇంకోదాన్లోకి, అలా వరసగా తొమ్మిది చెరువులు. మన రాయలసీమలో గొలుసుకట్టు చెరువులు తెలిసినవాళ్లకి ఇది కొత్త కాదు. కొత్తేమిటంటే వాన. అనంతపురంలో ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ పడుతుంది, జైసల్మేర్లో 200 లోపే. ఆ కాస్త వానకి ఇంత పెద్ద నేలని శుభ్రంగా ఉంచారు. ఆగోర్లోకి చెప్పులతో వెళ్లకూడదు, మలవిసర్జన చేయకూడదు, చెత్త వేయకూడదు.

ఇప్పుడేముంది? ఆగోర్లో వైమానిక దళం స్థావరం వచ్చింది, ఊరు పెరిగింది, నీటి దారులు తెగిపోయాయి. చెరువులో ఇప్పుడు కాలువ నీళ్లు కలుపుతున్నారు. గట్టు దగ్గర పెడల్ బోట్లు, బ్రెడ్ ముక్కలు విసిరితే పైకొచ్చి కొట్టుకునే లావుపాటి చేపలు, పెళ్లికి ముందు ఫొటోలు తీయించుకునే జంటలు. తీలోఁ గుమ్మం అందంగా ఉంది, పసుపురాతి చెక్కడం మీద పొద్దుటి ఎండ పడితే చూస్తూ నిలబడిపోవచ్చు. కానీ అరగంట తిరిగినా నీళ్లు ఎటునుంచి వచ్చేవో చెప్పే బోర్డు ఒక్కటీ నాకు కనిపించలేదు. ఆ బాధ సాయంత్రం దాకా వదల్లేదు.

రాత్రి భోజనం 250 రూపాయల థాలీ. సజ్జ రొట్టె మీద నెయ్యి గుంట చేసి పోశారు, కేర్ సాంగ్రీ కూర, కడీ, వెల్లుల్లి కారం. సాంగ్రీ అంటే జమ్మి కాయలు. మనం దసరాకి ఆకు పంచుకుని ఊరుకుంటాం, వీళ్లు కాయని ఎండబెట్టి ఏడాదంతా తింటారు. పుల్లగా, కాస్త వగరుగా, నమిలేకొద్దీ రుచి వస్తుంది. నేను రొట్టె విరవడం చూసిన వంటమనిషి వచ్చి, మొత్తం చిదిమి నెయ్యితో కలిపి తినాలని చేత్తో చూపించాడు.

ఫిబ్రవరి 6, కుల్ధరా దారి

జీపు రోజుకి 2,800కి కుదిరింది, డీజిల్‌తో కలిపి. డ్రైవర్ పాతికేళ్ల కుర్రాడు, తాత ఒంటెలు కాచేవాడట. కుల్ధరా అనగానే “దెయ్యాల ఊరా సార్” అని నవ్వాడు. పాలీవాల్ బ్రాహ్మణులు దివాన్ సాలిమ్ సింగ్ ఆగడాలు భరించలేక ఒక్క రాత్రిలో 84 ఊళ్లు ఖాళీ చేసి వెళ్లిపోయారని ఇక్కడ అందరూ చెబుతారు. పర్యాటకులంతా ఆ రాత్రి గురించే అడుగుతారు. కూలిన గోడల మధ్య సెల్ఫీలు తీసుకుని వెళ్లిపోతారు.

నాకు చూడాలనున్నది వాళ్లు వదిలి వెళ్లిన పొలాలు. ఊరు దాటాక కుడివైపు మట్టి దారి పట్టాం. చుట్టూ గట్టి రాతి నేల, ఎక్కడా పచ్చదనం లేదు. ఉన్నట్టుండి ఒక మట్టికట్ట ఎక్కితే అవతల కనుచూపు మేర గోధుమ, శనగ! అది ఖడీన్. రాతి నేల మీద పడిన వాన పల్లానికి జారుతుంది. పల్లం అంచున పొడవాటి కట్ట వేసి ఆపుతారు. వానాకాలం అంతా అది చెరువు. నీళ్లు ఇంకిపోయాక అదే పొలం. విత్తనం వేస్తే కోత దాకా మళ్లీ ఒక్క తడి పెట్టరు. పాలీవాల్‌లు 15వ శతాబ్దం నుంచి ఇలా పండించారు.

శనగ చేలో పనిచేస్తున్న రైతు కాస్త మట్టి తవ్వి చేతిలో పెట్టాడు. పైన రెండంగుళాలు పొడి, కింద ముద్దగా చల్లగా ఉంది. అక్టోబర్లో విత్తాడట, ఇప్పుడు ఫిబ్రవరి. మా జిల్లాలో వెయ్యి అడుగులు దాటి బోర్లు వేసి, ఎండిపోతే ఇంకోటి వేసి, అప్పులపాలైన రైతులు నాకు చుట్టాల్లోనే ఉన్నారు. ఆ మట్టి చేతిలో ఉన్నంతసేపూ వాళ్లే మనసులో తిరిగారు. అన్ని నేలలకీ ఖడీన్ సరిపోదని తెలుసు. కింద నీటిని ఆపే పొర ఉండాలి, పైన జారే రాతి నేల ఉండాలి. కానీ మన నేలకి సరిపడేది మన పెద్దలు కట్టిన చెరువే కదా, దాని వంకలు పూడ్చి ప్లాట్లు వేసింది మనమే కదా.

రైతు పచ్చి శనగ కాయలు గుప్పెడు కోసిచ్చాడు. డబ్బులివ్వబోతే చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

ఫిబ్రవరి 7, డేఢా, జసేరి చెరువు

మ్యాపులో కనిపించిన రోడ్డు నిజంగా కూడా ఉంది, కానీ సగం దూరంలో ఇసుక కింద ఉంది. ముందు వెళ్లిన టైర్ల గుర్తు పట్టుకుని పోతే అది ఒక ఢాణీ దగ్గర ఆగిపోయింది. నాలుగు గుడిసెలు, ముళ్లకంచె, మేకలు. ఒక అవ్వ ముఖం మీద ముసుగు లాక్కుని బయటికొచ్చి, దారి చెప్పేముందు మజ్జిగ ఇచ్చింది. డ్రైవర్ “మా సా” అని పిలిచి మాట్లాడాడు. నీళ్ల కుండలోంచి పొడవు కాడున్న గరిటెతో తీసి చేతులు కడగమని పోసింది, కింద పళ్లెం పెట్టి మరీ. కడిగిన నీళ్లు తీసుకెళ్లి మేకపిల్ల ముందు పెట్టింది. ఎవరూ ఏమీ అనలేదు, అది అక్కడ రోజూ జరిగేదే. నేను మాత్రం మా ఇంట్లో ఆర్వో మెషిన్ పక్కన పైపులోంచి పోయే నీళ్లు తలుచుకుని సిగ్గుపడ్డాను.

దారి గుర్తులన్నీ ఇప్పుడు గాలిమరలే. “మూడో పంకా దగ్గర తిరిగి, పాడైన పంకా దాటాక కుడివైపు” అని చెప్పింది అవ్వ. సరిగ్గా అలాగే వెళ్లాం.

జసేరి గురించి మిశ్రగారు రాసింది చదివి, అతిశయోక్తి ఏమో అనుకున్నవాళ్లు ఉండొచ్చు. ఎడారి మధ్యలో ఎప్పుడూ ఎండని చెరువు! చూస్తే నిజమే. వాన పడి అయిదు నెలలు కావొస్తున్నా నీలంగా, నిండుగా ఉంది. పాలీవాల్‌ల కాలం నాటిది. అడుగున నీటిని కిందికి పోనివ్వని పొర ఉంది, తవ్వేటప్పుడు దాన్ని పగలనివ్వలేదు. చుట్టూ ఉన్న చిన్న బావుల్లోకి చెరువు నీరు ఊరుతుంది. తవ్వినవాళ్లు ఎక్కడ ఆపాలో తెలిసినవాళ్లు. నాకు ఈ చెరువులో అన్నిటికంటే గొప్పగా అనిపించింది అదే.

ఒంటెలు వరసగా వచ్చి తాగి వెళ్తున్నాయి. గట్టు మీద చెప్పుల్లేకుండా కూర్చున్న ఇద్దరు కాపరులు నా బూట్ల వైపు చూశారు. నేను విప్పేశాక జరిగి చోటిచ్చారు. పుస్తకం తీసి చెరువు గురించి రాసిన పేజీ చూపించాను. వాళ్లలో చిన్నవాడు గట్టిగా చదవడం మొదలుపెట్టాడు. పెద్దాయన మధ్యలో ఆపి ఆపి “అది నిజం”, “అది మా నాన్న చెప్పేవాడు” అంటూ విన్నాడు. ఎవరి గురించి రాశారో వాళ్లకి అర్థమయ్యే భాషలో రాసిన పుస్తకం అలా వినబడుతుంటే నాకు గొంతు పట్టేసింది.

ఫిబ్రవరి 8, రామ్‌గఢ్ అవతల

జైసల్మేర్ నుంచి అరవై కిలోమీటర్లు రామ్‌గఢ్. అక్కడ బజార్లో మిర్చీ బడా ఇరవై రూపాయలు, టీ పదిహేను. లావు మిరపకాయలో బంగాళదుంప కూరి వేయించింది. మన మిర్చి బజ్జీకి దగ్గరి చుట్టం, కాకపోతే ఒక్కటి తింటే మధ్యాహ్నం భోజనం అక్కర్లేదు.

రామ్‌గఢ్ వైపు ఇందిరా గాంధీ కాలువ పాయ ఒకటి వచ్చింది. 1958లో మొదలైన ఈ కాలువ ప్రధాన మార్గం 649 కిలోమీటర్లు. పంజాబ్ నుంచి నీళ్లు తెచ్చి ఎడారిలో పోస్తుంది. దాంతో బతుకులు మారినవాళ్లు చాలామందే. హనుమాన్‌గఢ్ వైపు నీరు నిలిచి ఉప్పుదేలి పాడైన పొలాలూ ఉన్నాయి. మిశ్రగారికి కాలువ మీద కోపం కంటే, కాలువ రాగానే పాత చెరువుల్ని మరిచిపోతారన్న దిగులు ఎక్కువని నాకనిపిస్తుంది. కాలువలో నీళ్లు ఆగిన వారం ఏం చేస్తారని డ్రైవర్‌ని అడిగితే, “ట్యాంకర్, లేదంటే కుంయి” అన్నాడు.

ఆ కుంయి చూడ్డానికే వచ్చాను. ‘రజత్ బూందే’లో ఆ భాగాన్ని ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి హిందీ పుస్తకంలో పాఠంగా పెట్టారు. కుంయి మామూలు బావి కాదు. ఇక్కడ లోతున ఉన్న నీళ్లు ఉప్పు. కానీ ఇసుక కింద కొన్నిచోట్ల సుద్దరాతి పొర ఉంటుంది. వాన నీరు ఇసుకలో ఇంకి, ఆ పొర మీద ఆగి, కిందున్న ఉప్పునీటిలో కలవకుండా తేమగా మిగులుతుంది. మన మట్టి నేలైతే ఎండకి నెర్రెలిచ్చి ఆ తేమ ఆవిరైపోతుంది. ఇసుక రేణువులు విడివిడిగా ఉంటాయి కాబట్టి నెర్రెలివ్వదు, తేమ లోపలే ఉండిపోతుంది. ఆ తేమ బొట్లుబొట్లుగా ఊరేందుకు తవ్వే సన్నటి గొయ్యే కుంయి. వెడల్పు నాలుగైదు మూరలు, లోతు ముప్పై నుంచి అరవై అయిదు మూరల దాకా.

తవ్వే మనిషిని చేజారో అంటారు. లోపల చేయి తిప్పే చోటు ఉండదు, పొట్టి పిడి పనిముట్టుతో కూర్చునే తవ్వుతాడు. పైనుంచి రాళ్లు పడితే తగలకుండా తలమీద లోహపు టోపీ. ఊపిరాడకపోతే? పైనున్నవాళ్లు గుప్పెళ్లతో ఇసుక వేగంగా లోపలికి విసురుతారు. దాంతో పై గాలి కిందికి దిగి, లోపలి వేడి గాలి పైకొస్తుంది. ఇటుక దొరకని చోట ఖీంప్ గడ్డి తాడు చుట్టలు చుట్టలుగా పేర్చి గోడ నిలబెడతారు. ముప్పై మూరల కుంయికి దాదాపు నాలుగు వేల మూరల తాడు.

రామ్‌గఢ్ దాటి వెళ్లిన ఊళ్లో కుంయిలు వరసగా ఉన్నాయి, మీద చెక్క మూతలు, కొన్నిటికి తాళాలు. సాయంత్రం పశువులు ఇంటికొచ్చే వేళకి ఆడవాళ్లు బిందెలతో వచ్చారు. ఒకావిడ మూత తీసి చిన్న తోలు చేద వదిలింది. ఎంతసేపటికో పైకొచ్చింది, సగమే నిండింది. అలా ఇంకా కొన్నిసార్లు వేసి ఒక బిందె నింపింది. రోజుకి రెండు మూడు బిందెలు, అంతే. దోసిట్లో పోస్తే తాగాను. తియ్యగా, చల్లగా ఉన్నాయి.

కుంయి ఇంటిది, కానీ నేల ఊరిది. కొత్తది తవ్వాలంటే ఊరంతా ఒప్పుకోవాలి, ఎందుకంటే కింద ఉన్న తేమ ఒక్కటే, ఇంకో గొయ్యి పడితే అందరి వాటా తగ్గుతుంది. మనకి బోర్ల విషయంలో ‘వాల్టా’ చట్టం ఉంది, కాగితం మీద. ఇక్కడ కాగితం లేదు, కట్టుబాటు ఉంది. ఊరివాళ్లని అడిగితే ఈమధ్య కొత్తవి తవ్వినవాళ్లు తక్కువ, తవ్వడం వచ్చినవాళ్లు ఇంకా తక్కువ అన్నారు. మిశ్రగారు చేజారోల పనిని అంత వివరంగా ఎందుకు రాశారో అప్పుడు అర్థమైంది.

ఫిబ్రవరి 9, దేగరాయ్ ఓరణ్

ఓరణ్ అంటే దేవుడి పేరు మీద వదిలేసిన అడవి. చెట్టు కొట్టరు, పొలం దున్నరు, పశువులు మేస్తాయి. చెరువులోకి నీళ్లు జారే నేల చాలాచోట్ల ఓరణే. దేగరాయ్ మాత గుడి చుట్టూ ఉన్నది జిల్లాలో పెద్ద ఓరణ్‌లలో ఒకటి.

ఇప్పుడు దాని మీదుగా హైటెన్షన్ తీగలు. సోలార్, విండ్ కరెంటు ఇక్కణ్ణుంచే దేశానికి వెళ్తోంది. ఆ తీగలు తగిలి బట్టమేక పిట్టలు చచ్చిపోతున్నాయి. మన ఉమ్మడి కర్నూలు జిల్లా రోళ్లపాడులో ఒకప్పుడు కనిపించిన పిట్ట అది. తీగల్ని భూమిలో వేయాలని సుప్రీంకోర్టు 2021 ఏప్రిల్లో చెప్పింది, 2024 మార్చిలో ఆ ఆదేశాన్ని సడలించి నిపుణుల కమిటీకి అప్పగించింది. గుడి దగ్గర కలిసిన పశువుల కాపరి పెద్దాయన కరెంటు వద్దనలేదు. “మా తాతలు దేవుడికిచ్చిన నేల సర్కారు రికార్డులో బంజరు అని ఉంది. దాన్ని ఓరణ్ అని రాయించండి, అంతే” అన్నాడు. దాని కోసం వీళ్లు జెండాలు పట్టుకుని ఊరూరా నడిచారు.

సోలార్ పలకలు మా అనంతపురంలోనూ వేల ఎకరాల్లో పరిచారు. అక్కడ ఎన్ని వంకలు మూసుకుపోయాయో, ఏ చెరువుకి నీళ్లు తగ్గాయో మనమూ లెక్క రాసుకోవాలి.

జైసల్మేర్ తిరిగొచ్చి బజార్లో సాంగ్రీ అరకిలో 700కి, ఘోటువా లడ్డూలు కిలో 560కి తీసుకున్నాను. కొట్టాయన సాంగ్రీని రాత్రంతా మజ్జిగలో నానబెట్టి, ఆవనూనెలో వండమన్నాడు. మా ఇంట్లో వేరుశనగ నూనెతోనే వండాం, బాగానే కుదిరింది. వెళ్లాలనుకునేవాళ్లకి ఒక మాట: జీపు బస్టాండు దగ్గరే మాట్లాడుకోండి, హోటల్లో చెబితే రేటు పెరుగుతుంది. ఖడీన్లలో పంట చూడాలంటే జనవరి చివర, ఫిబ్రవరి మొదట్లో వెళ్లాలి. చెరువుల్లోకి నీళ్లు రావడం చూడాలంటే జులై చివర్లో. డ్రైవర్ నంబర్ ఇచ్చాడు, వాన పడిన రోజు ఫోన్ చేస్తానన్నాడు.